ఫోల్డరు అడిగితే లేదని చెప్పు

మా ఆఫీసు పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్నవాళ్ళు నా మీద కేసు పెట్టరు గానీ కాగితం ఒకటి పెడతారు. దానికి జవాబు రాసే ఓపిక నాకు లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో కొండ ఎక్కే రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద, వానొస్తే పక్కవాడి మాట వినపడని ఒక సర్కారు ఆఫీసు అనుకోండి, చాలు. అందులో నేను ప్రోగ్రామర్‌ని. ఆర్డరులో అలాగే రాసి ఉండేది. జనం మాత్రం 'కంప్యూటర్ వాలీ దీదీ' అనేవారు. ఫ్యాను తిరక్కపోయినా, కుళాయిలో నీళ్ళు రాకపోయినా నన్నే పిలిచేవారు.

స్వతంత్రం వచ్చాక ఓడల్లో ఈ దీవులకి వచ్చి దిగిన కుటుంబాల పాత రిజిస్టర్లు కాపాడడం మా ఆఫీసు పని. కాపాడడం అంటే చెదలకి అప్పజెప్పడం. ఎర్ర గుడ్డ అట్టలున్న పెద్ద పెద్ద పుస్తకాలు. ఒక్కో మనిషి ఏ ఓడలో వచ్చాడు, ఏ ట్రిప్పులో వచ్చాడు, ఏ లేబర్ లైనులో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, దింపారు, పెళ్ళెప్పుడయింది, పిల్లలెప్పుడు పుట్టారు, అన్నీ అందులో ఉండేవి. మా తాతా అలా వచ్చినవాడే, శ్రీకాకుళం ఒడ్డు నుంచి. మాలో మీదేవూరు అని అడిగితే ఊరి పేరు చెప్పేవాళ్ళు తక్కువ. 'ఫలానా ఓడ, మూడో ట్రిప్పు' అనేవారు మా పెద్దలు. అవతలివాడు కూడా అదే ట్రిప్పు అయితే బంధువు దొరికినంత సంబరం. రిజిస్టర్లు కూడా ఆ లెక్కనే కట్టారు. ముందు ఓడ, తర్వాత ట్రిప్పు, దాని కింద లైను, లైను కింద ఇంటిపేరు.

ఎవరో పెద్ద బుర్ర ఈ పుస్తకాలన్నిటినీ స్కాన్ చేయించి కంప్యూటర్‌లో పెట్టమన్నారు. కాంట్రాక్టు కుర్రాళ్ళు వచ్చి ఆరు నెలలు స్కాన్ చేసి, సర్వర్ డబ్బాలో పోసి, తిరిగి ఓడెక్కి వెళ్ళిపోయారు. ఆ పేజీలు కౌంటర్లో ఉన్న కంప్యూటర్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ సీడీ మద్రాసు నుంచి రావాలి. ఓడ వచ్చింది, సీడీ రాలేదు. ఇంకో ఓడ వచ్చింది, ఉల్లిపాయలు వచ్చాయి. 'నువ్వే ఏదో ఒకటి రాయరాదా బేటీ' అన్నాడు మా బడా బాబు.

బడా బాబు అంటే మా హెడ్ క్లర్కు. మా తెలుగువాడే, మా చర్చివాడే. కుర్చీలో కూర్చుంటే హిందీ, టిఫిను డబ్బా మూత తీస్తే తెలుగు. సర్వర్ గదిలో ఏసీ ఉంటుంది కనక తన టేబులు అందులో వేయించుకున్నాడు. ఆవకాయ జాడీ కూడా సర్వర్ పక్కనే పెట్టుకున్నాడు, చల్లగా ఉంటుందని. ఆ గదికి వెళ్ళొచ్చిన రోజు నా చున్నీ ఆవ వాసన కొట్టేది.

సరే, రాశాను. రెండు వారాల్లో రాశాను. చిన్న ప్రోగ్రాం. అడిగిన పేజీ తీసి చూపించడం తప్ప దానికి ఇంకేమీ రాదు. దిద్దడం రాదు, చెరపడం రాదు, కొత్తది పెట్టడం రాదు. మా భాషలో రీడ్ ఓన్లీ అంటాం. ఈ ముక్క చెప్పగానే బడా బాబు మొహం వెలిగిపోయింది. 'అంటే ఎవరూ దేన్నీ మార్చలేరన్నమాట! సర్కారు ఆఫీసు అంటే అలా ఉండాలి' అన్నాడు. ఆ మెప్పుకి నేను పొంగిపోయాను. నాకు తెలుగు కూడా అప్పట్లో రీడ్ ఓన్లీయే. చర్చిలో పాటల పుస్తకం చూసి గడగడా చదివేదాన్ని గానీ నాలుగు వాక్యాలు రాయమంటే చెమటలు పట్టేవి. ఈ రాత తర్వాత నేర్చుకున్నది.

ఆ ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక చోట ఆగిపోయాను. పేజీ అడిగితే పేజీ చూపిస్తాం, బాగానే ఉంది. పేజీ కాక ఫోల్డరు అడిగితే? మేము చదువుకునే రోజుల్లో డైరెక్టరీ అనేవాళ్ళం, ఇప్పుడందరూ ఫోల్డరంటున్నారు. ఏదైనా ఒకటే. ఓడ ఒక ఫోల్డరు, అందులో ట్రిప్పులు, ట్రిప్పులో లైన్లు. కౌంటర్లో ఎవరైనా ఇంటిపేరు కొట్టకుండా ఓడ, ట్రిప్పు, లైను వరకే కొట్టి ఊరుకున్నారనుకోండి. అప్పుడు చేయదగ్గ పనులు మూడే. లోపల ఏమేం ఉన్నాయో పట్టీ చూపించడం ఒకటి. ఉంది గానీ చూసే అనుమతి మీకు లేదని చెప్పడం ఇంకొకటి. అసలలాంటిది లేదని చెప్పడం మూడోది. నాకు మొదటిది ఇష్టం. వెళ్ళి బడా బాబుని అడిగాను.

'పట్టీ చూపిస్తావా? పాగల్ హై క్యా?' అన్నాడు. 'జనం కళ్ళబడితే అది చూపించు, ఇది చూపించు అని అడుగుతారు. ఒక్క మనిషితో పొద్దు గడిచిపోద్ది.'

'పోనీ అనుమతి లేదని చెప్పనా?'

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసు బయటికి తీస్తున్నాడని నాకర్థమైంది. 'చూడు బేటీ. అనుమతి లేదంటే ఏం చేస్తారు? అనుమతి కావాలని అర్జీ పెడతారు. అర్జీ పెడితే నేను జవాబు రాయాలి. అదే లేదంటే? ఘర్ చలే జాతే హై, ఇంటికెళ్ళిపోతారు. అంతే. ఫోల్డరు అడిగితే లేదని చెప్పు.'

నేను చెప్పించాను. తలూపి వెళ్ళి, 'నాట్ ఫౌండ్' అని పెద్దక్షరాల్లో వచ్చేలా, కింద ఒక గీత కూడా వచ్చేలా రాశాను. పైగా మంచి ప్రోగ్రామర్‌ననే పొగరు ఒకటి. జనానికి లేదని చెప్పినా, అసలు సంగతేంటో నా కోసం లోపల ఒక చిట్టాలో రాసుకునేలా పెట్టాను. ప్రోగ్రాం మొత్తంలో అది రాసేది అదొక్కటే. ఆ చిట్టాని నేను ఒక్కనాడూ తెరవలేదు.

పరీక్షించి చూడాలి కదా. మా పక్కింటివాళ్ళ ఇంటిపేరు కొట్టాను. పేజీ టక్కున వచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ వచ్చింది. బడా బాబు చప్పట్లు కొట్టాడు. మర్నాడే ఎర్ర రిజిస్టర్లన్నీ ట్రంకు పెట్టెల్లో పెట్టి, చెదల మందు చల్లి, గదికి తాళం వేసేశారు. తాళంచెవి పెద్ద అఫీసరు దగ్గర, పెద్ద అఫీసరు సెలవు మీద మెయిన్‌ల్యాండ్‌లో. ఓడల పేర్లు సరిగ్గా కొట్టడం నాకొక్కదానికే వచ్చు కనక నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు.

అంతకు ముందు ఆ కౌంటర్లో కూర్చున్న గుమాస్తాల్ని నేను ఎంత వెక్కిరించేదాన్నో! లేదు అనే మాటని ఒకడు ఆవలిస్తూ చెప్పేవాడు, ఒకడు టీ తాగుతూ చెప్పేవాడు, ఒకడైతే నోరు కూడా తెరవకుండా చెయ్యి ఊపేవాడు. కంప్యూటర్ వచ్చింది, ఇక ఈ బద్ధకం కుదరదు అని నేనే అందరికీ చెప్పాను. నిజమే. నాకు బద్ధకం లేదు. చకచకా కొట్టి చకచకా లేదని చెప్పేదాన్ని.

ఒక మంగళవారం పెద్దమ్మ వచ్చింది. సొంత పెద్దమ్మ కాదు. మా చర్చిలో ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని, పాట ఎత్తుకుంటే తబలా వాయించేవాడు కూడా ఆమె కోసం ఆగాల్సిన గొంతు. ఊళ్ళోనే మిడిల్ పాయింట్ అనే పేటలో ఉండేవారు. భర్త బోటు మీద పని, నెలలో సగం రోజులు సముద్రంలోనే. వెనకాల కూతురు, ప్లాస్టిక్ కవర్లో మార్కుల కాగితాలు గుండెకి అదుముకుని నిలబడింది. టీచర్ ట్రైనింగులో సీటుకి అర్జీ పెట్టాలి. దానికి ఈ దీవుల మనుషులేనని లోకల్ సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్‌కి తాతగారి రిజిస్టరు పేజీ నకలు కావాలి. ఆఖరి తేదీ శుక్రవారం.

'మా మావది తియ్యే పిల్లా' అని ఓడ, ట్రిప్పు, లైను, ఇంటిపేరు ఒక్క గుక్కలో చెప్పింది పెద్దమ్మ.

కొట్టాను. నాట్ ఫౌండ్.

'లేదు పెద్దమ్మా.'

'నేదేటి? సరిగ్గా సూడు.'

సరిగ్గా చూశాను. అదే వచ్చింది. తెర ఆమె వైపు తిప్పి చూపించాను కూడా. ఆమెకి ఇంగ్లీషు రాదు. కూతురు చదివి తల దించుకుంది.

బుధవారం మళ్ళీ వచ్చారు. 'మా ఆడపడుచునడిగినాను. అదే ఓడ, అదే లైను. పక్కా' అంది పెద్దమ్మ. కొట్టాను, లేదన్నాను. అటూ ఇటూ లైన్లు కూడా వెతికాను. ఇంత ఓపిగ్గా లేదని చెప్పినవాళ్ళు ఆ ఆఫీసు చరిత్రలో లేరని నా మీద నాకే మురిపెం కలిగింది.

గురువారం ఆమెకి కోపం వచ్చింది. కౌంటర్ అద్దం మీద వేలుతో కొట్టింది.

'నా పెళ్ళయినాక మా మావ నన్ను తెచ్చి, ఇదే ఆఫీసులో, ఎర్ర బుక్కులో నా పేరు రాయించినాడే. నా ఏలు ముద్ర నేనే ఏసినాను. సిరా మరకలు రెండ్రోజులు పోనేదు. మా మావకి ఒక కాగితం కాదు, బోల్డు కాగితాలున్నాయి. పేజీ తిప్పి తిప్పి ఎతికినాడు ఆ బాబు. మరి నా ఏలు ముద్ర ఎటు పోనాదే?'

వెనక లైనులో పదిమంది. వాళ్ళందరూ వింటున్నారు. మా బడా బాబు తలుపు సందులోంచి చూస్తున్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. నన్ను అబద్ధాలకోరంటున్నట్టు అనిపించింది. అప్పుడన్న మాట ఈ రోజుకీ నా చెవిలో ఉంది.

'పెద్దమ్మా, మనుషులు మర్చిపోతారు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు.'

ఆమె నా మొహంలోకి చూసింది. 'అయితే నేనాడతన్నానా?' అంది. నేను 'నెక్స్ట్' అన్నాను. ఆ ఇంగ్లీషు ముక్క మాత్రం ఆమెకి అర్థమైంది.

శుక్రవారం వాళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. తాళంచెవి అఫీసరు ఓడ దిగుతాడేమో, ఎవరైనా గది తెరుస్తారేమో అని కూర్చున్నారు. మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అయిదింటికి నేను కౌంటర్ చెక్క దించుతుంటే ఆ పిల్ల లేచి, కవర్లోని మార్కుల కాగితాలు తడవకుండా దుపట్టా కింద పెట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నాకు జాలేసింది. అంతే, జాలే. పాపం ఏ ఓడ గుమాస్తానో పేరు ఎక్కించలేదేమో అనుకున్నాను. ఇంటికెళ్ళి చేపల పులుసు శుభ్రంగా తిన్నాను.

ఆదివారం చర్చిలో పెద్దమ్మ పాట ఎత్తుకోలేదు. పాస్టరుగారు రెండుసార్లు ఆవిడ వైపు చూసి, చివరికి తనే మొదలెట్టి, శ్రుతి తప్పారు.

సోమవారం కొత్త అఫీసరు ఆఫీసు చూడ్డానికొచ్చాడు. మెయిన్‌ల్యాండ్ మనిషి, దిగి వారం కాలేదు, మెడ మీద చెమట పొక్కులు. బడా బాబు ఆవకాయ జాడీ కుర్చీ కింద దాచేసి, కొత్త చొక్కాలో నిలబడి, నా ప్రోగ్రాం గురించి తనే రాసినట్టు హిందీలో వర్ణించాడు. నేను అలవాటు ప్రకారం పక్కింటివాళ్ళ పేజీ చూపించాను.

'బాగుంది' అన్నాడు అఫీసరు. 'మీరూ ఇక్కడివారేనా?'

'అవును సార్. మా తాత కాలం నుంచి.'

'అయితే ఎవరిదో ఎందుకు? మీదే చూపించండి.'

నవ్వుతూ కొట్టాను. మా ఓడ, మా ట్రిప్పు, మా లైను, మా ఇంటిపేరు. చిన్నప్పటి నుంచి మా తాత నోట విన్న వరస, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నాట్ ఫౌండ్. కింద గీత.

అఫీసరు తెర వైపు, నా వైపు చూసి, 'మీ కంప్యూటర్ లెక్కలో మీరు కూడా నాతో పాటు నిన్ననే ఓడ దిగినట్టున్నారు' అని నవ్వాడు. అందరూ నవ్వారు. బడా బాబు అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు తలకొట్టేసినట్టయింది. మా తాత ఇక్కడే బతికి, ఇక్కడే పోయాడు. సమాధి మీద నేను పూలు పెడుతున్నాను. లేదట!

అంత అవమానంలో నా నోట్లోంచి వచ్చిన ముక్కేంటో తెలుసా? 'నెట్‌వర్క్ ప్రాబ్లం సార్.' వెంటనే బడా బాబు అందుకున్నాడు. 'కేబుల్, సార్. సముద్రపు గాలికి తుప్పు.' ఆయనకి అబద్ధం కూడా ఎంత చక్కగా వచ్చో! నాకూ ఏం తక్కువ రాలేదు.

అఫీసరు జీపెక్కగానే సర్వర్ గదిలోకి పరుగెత్తి, నా ప్రోగ్రాంని పక్కన పెట్టి, డిస్కుని నేరుగా తెరిచాను. ఓడలోకి వెళ్ళాను, ట్రిప్పులోకి, లైనులోకి. మా ఇంటిపేరు అక్కడే ఉంది. పేజీ కాదు. ఫోల్డరు. లోపల తొమ్మిది పేజీలు.

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. స్కాన్ చేసిన కుర్రాళ్ళు బుద్ధిగానే చేశారు. ఒకే పేజీ ఉన్న కుటుంబానికి ఇంటిపేరుతో ఒక పేజీ పెట్టారు. ఎక్కువ పేజీలున్న కుటుంబానికి ఇంటిపేరుతో ఒక ఫోల్డరు చేసి, పేజీలన్నీ అందులో వేశారు. నేనైనా అలాగే చేసేదాన్ని. వాళ్ళని అడగలేదు, చూడనూ లేదు. ఫోల్డరంటే ఓడలూ లైన్లే అనుకున్నాను. ఫోల్డరు అడిగితే లేదని చెప్పమన్నారు. చెప్పించాను.

అంటే ఒక్కసారి పేరు రాయించుకుని తర్వాత మా ఆఫీసు గుమ్మం తొక్కనివాళ్ళందరూ కంప్యూటర్‌కి తెలుసు. ఇక్కడే ఉండి, పెళ్ళిళ్ళు రాయించి, పుట్టుకలు రాయించి, లైను మారినప్పుడల్లా వచ్చి చెప్పి, మూడు తరాల పాటు ప్రతి కాగితం దాచుకున్నవాళ్ళు మాత్రం లేరు! ఎన్ని రుజువులుంటే అంత గట్టిగా లేరు! ఇంత గొప్ప న్యాయం ఎవరో పగబట్టి చేసినా ఇంత నీటుగా కుదరదు. నేను ఊరికే, మెప్పు కోసం చేసేశాను.

అప్పుడు గుర్తొచ్చింది చిట్టా. మొదటిసారి తెరిచాను. వరసలు వరసలుగా ఉంది. తేదీ, టైము, అడిగిన ఇంటిపేరు, చివర నేను పొగరుగా రాసుకున్న మాట. 'అడిగినది ఉంది. డైరెక్టరీ. లేదని చెప్పబడింది.' ప్రతి వరసకీ అదే. మంగళవారం పదకొండు దాటి అయిదు నిమిషాలకి పెద్దమ్మ వాళ్ళ ఇంటిపేరు. ఉంది, లేదని చెప్పబడింది. పదకొండు దాటి ఏడు నిమిషాలకి మళ్ళీ. బుధవారం, గురువారం. ఆమె వేలుతో అద్దం కొట్టినప్పుడు నేను కోపంగా కొట్టిన నాలుగు సార్లూ ఉన్నాయి. కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నాను కదా. చెప్పలేదు. పక్క గదిలో నిజం రాసి పెట్టుకునే ఉంది. అబద్ధం చెప్పింది నేను.

బడా బాబుకి చెప్పాను. ఆయన కంగారు పడలేదు. జాడీ తీసి మళ్ళీ సర్వర్ పక్కన పెట్టుకున్నాడు.

'అయితే ఏటిప్పుడు?' అన్నాడు, తెలుగులో. అంటే వ్యవహారం ఇంటి సంగతిలా చూస్తున్నాడన్నమాట.

'పట్టీ చూపించాలి సార్. ఫోల్డరు వస్తే లోపలివన్నీ చూపించాలి.'

'చూపిస్తే ఇన్నాళ్ళూ లేదన్నవాళ్ళందరూ వస్తారు గదే? ఎందుకు లేదన్నారని అడుగుతారు. రీడ్ ఓన్లీ అని నువ్వే చెప్పావు. ఏదీ మార్చడం కుదరదన్నావు. చుప్‌చాప్ వదిలేయి.'

'మార్చేది రిజిస్టరు కాదు సార్. నా ప్రోగ్రాం.'

'రాతపూర్వకంగా ఆర్డరు లేదు.'

'లేదని చెప్పమన్నప్పుడు రాతపూర్వకంగా ఇచ్చారా?' అన్నాను. ఆ ఆఫీసులో నేను గొంతెత్తింది అదే మొదలు. ఆయన కళ్ళజోడు తీశాడు గానీ తుడవలేదు.

నాలుగు లైన్లు. ఆ ప్రోగ్రాంలో మార్చాల్సింది నాలుగంటే నాలుగు లైన్లు. ఫోల్డరైతే తెరువు, లోపల ఉన్నవాటి పేర్లు వరసగా చూపించు. టీ చల్లారేలోపు అయిపోయింది. మా ఇంటిపేరు కొట్టాను. తొమ్మిది పేజీలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, మా తాత మీద ప్రేమతో కాదు, సిగ్గుతో.

తర్వాత పెద్దమ్మ వాళ్ళది కొట్టాను. పదకొండు పేజీలు. మొదటి దాంట్లో ఆమె మామ, వయసు అందాజుగా ఇరవై అని. ఒక పేజీలో సిప్పీఘాట్ వైపు కొబ్బరి మొక్కలు నాటే పనికి పంపినట్టు. ఒక పేజీలో సెలవు అయిపోయినా మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడని మందలింపు. ఎనిమిదో పేజీలో కొత్త కోడలి పేరు, పక్కన వేలి ముద్ర. సిరా ఎక్కువై కొంచెం అలుక్కుంది. పదకొండో పేజీలో, చివరి గడిలో, ఆ పిల్ల. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు. నా ఎదురుగా కవరు పట్టుకుని నిలబడ్డ ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల నా వెనక గదిలో, ఆవకాయ జాడీ పక్కన ఉంది.

అన్నీ ప్రింటు తీసి, బడా బాబు చేత ముద్ర కొట్టించాను. చూడకుండానే కొట్టాడు, అలవాటు. ఆటో పట్టుకుని మిడిల్ పాయింట్ వెళ్ళాను. కొట్ల వెనక సందులో రెండు గదుల ఇల్లు. పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. కూతురు గుమ్మంలో ఉంది.

'పెద్దమ్మా, దొరికాయి. సారీ. ప్రోగ్రాంలో చిన్న ప్రాబ్లం.'

'సిన్నదేటే?' అంది ఆమె.

కాగితాలు చేతికిచ్చాను. ఆమె కాగితాలు తీసుకుని, చదవడం రాకపోయినా ఒక్కొక్కటే తిప్పుతూ పోయి, ఎనిమిదోది రాగానే ఆగి, తన బొటనవేలు ఆ ముద్ర పక్కన పెట్టి చూసుకుంది. 'ఇదే. సెప్పినాను కదే. నేనే ఏసినాను' అంది. నన్ను తిడుతుందని వెళ్ళాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు ఆ పిల్ల ఆ పదకొండు కాగితాలూ పట్టుకుని టీచర్ ట్రైనింగువాళ్ళ దగ్గరికెళ్ళింది. ఆఖరి తేదీ శుక్రవారం, అయిపోయిందన్నారు. వాళ్ళ తప్పేం లేదు, తేదీ అంటే తేదీ. నేనూ వెళ్ళి బతిమాలాను. మా ఆఫీసు తప్పని కాగితం తెమ్మన్నారు. బడా బాబు దగ్గరికెళ్ళాను. అలాంటి నమూనా మన దగ్గర లేదన్నాడు. మరుసటేడుకి ఆ పిల్లకి వయసు దాటిపోయింది.

చిట్టాలో ఉన్న మిగతా ఇంటిపేర్లన్నిటికీ నేనే ఉత్తరాలు రాశాను, హిందీలో. కొందరు వచ్చారు. కొందరికి అప్పటికే అవసరం తీరిపోయింది. అంటే పని అయిందని కాదు.

చాలా ఏళ్ళు గడిచాయి. నేను ఆ ఉద్యోగం మానేశాను. పోయిన ఏడాది మా అమ్మాయికి లోకల్ సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. ఇప్పుడు ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు, మిడిల్ పాయింట్‌లో జిరాక్సు కొట్టువాళ్ళే అన్నీ తీసి, అర్జీ నింపి ఇస్తారు. అందరూ ఒక కొట్టు పేరే చెప్పారు. అక్కడున్నామె ఎంత పాతదైనా తీస్తుందమ్మా, లేదని ఊరికే అనదు, అన్నారు. వెళ్ళాను. కౌంటర్ వెనక కళ్ళజోడు పెట్టుకుని పెద్దమ్మ కూతురు, ఆ పిల్ల. పిల్లేంటి, జుట్టు నెరుస్తోంది.

నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టినట్టు మాత్రం అనలేదు. 'చెప్పండి దీదీ' అంది.

మా ఓడ, ట్రిప్పు, లైను, ఇంటిపేరు చెప్పాను. ఆమె కొట్టింది. నేను రాసిన ఆ నాలుగు లైన్లు ఇంకా పనిచేస్తున్నాయో, వేరేవాళ్ళు కొత్తది రాశారో నాకు తెలియదు. పేజీల పట్టీ వచ్చింది. ఆమె ఒక్కొక్కటీ తెరిచి, పూర్తిగా చూసి, మూసి, తర్వాతది తెరిచింది. తొమ్మిదీ చూసింది. నా వెనక లైనులో జనం ఉన్నారు, అయినా తొందరపడలేదు.

'ఉన్నాయి' అంది. 'ఆఖరి తేదీ ఎప్పుడు?'

'శుక్రవారం.'

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. గోడకున్న కేలండర్ నాకూ కనబడుతూనే ఉంది.

'ఈ రోజు మంగళవారమేగా దీదీ' అంది. 'చాలా టైముంది.'